ఆల్కేన్లు నిజంగా జడమైనవా? పాఠంలో ఆ మాట ఉంచాలా, తీసేయాలా?

మీథేన్ మిత్రుడు (చర్చ మొదలుపెట్టినవారు):
ఆల్కేన్లు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండి, అన్నీ ఏక బంధాలే ఉన్న సమ్మేళనాలు) రసాయనికంగా జడమైనవని, అంటే తేలిగ్గా చర్య జరపవని, అందుకే వాటిని పారాఫిన్లు అంటారని మా పాఠంలో ఉంది. లాటిన్‌లో 'పారమ్ అఫినిస్' అంటే పొత్తు తక్కువ అని అర్థమట. మరి మీథేన్, ప్రొపేన్, బ్యూటేన్ ఆల్కేన్లే కదా. నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటాయి. భగ్గుమనేదాన్ని పట్టుకుని జడం అంటే విద్యార్థి ఏమనుకోవాలి? ఆ మాట తీసేయాలని నేనంటాను.

ల్యాబ్ మాస్టారు:
తీసేయకూడదు. సోడియం ముక్కను ల్యాబ్‌లో ఎక్కడ దాచుతాం? ఎక్కువగా ఆల్కేన్లే ఉండే కిరోసిన్‌లో. నీళ్లలో వేస్తే బుసబుసలాడుతూ పరుగులు తీసే సోడియం అందులో నెలల తరబడి గమ్మున పడి ఉంటుంది. హెక్సేన్ అనే ఆల్కేన్‌లో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి చూడండి, రెండు పొరలుగా విడిపోయి దేని దారిన అది ఉంటుంది. చల్లని పర్మాంగనేట్ ద్రావణం కలిపినా ఊదారంగు పోదు. అదే ద్విబంధమున్న ఆల్కీన్ అయితే ఆ రంగు నిలవదు.

కారణం బంధంలోనే ఉంది. రుణవిద్యుదాత్మకత, అంటే బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం, కార్బన్‌కు 2.55, హైడ్రోజన్‌కు 2.20. తేడా అంత తక్కువ కాబట్టి ఎలక్ట్రాన్లను ఇద్దరూ దాదాపు సమానంగా పంచుకుంటారు. ద్విబంధాల్లో ఉండే పై (π) బంధం లేదు, బంధంలో చేరని ఎలక్ట్రాన్ల ఒంటరి జంట లేదు. ఆమ్లమో క్షారమో వచ్చి పట్టుకుందామంటే పిడి దొరకదు. జడం అనే మాట విద్యార్థికి చెప్పేది ఇదే.

బంధశక్తి:
మాస్టారూ, మీరు చెప్పిన ప్రయోగాలన్నీ నిజమే. కానీ ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. చర్య జరిగితే ఎంత శక్తి వస్తుందన్నది ఒకటి. ఆ చర్య మొదలవడానికి ఎంత శక్తి కావాలన్నది ఇంకొకటి. ఒక మోల్ మీథేన్ పూర్తిగా మండితే సుమారు 890 కిలోజౌళ్ల వేడి వస్తుంది. అంటే మీథేన్, ఆక్సిజన్ పక్కపక్కన ఉన్నాయంటే, గట్టు కట్టిన చెరువులో నీళ్లు నిండి ఉన్నట్టే. నీళ్లు ఆగింది గట్టు వల్ల. మీథేన్‌లో మొదటి కార్బన్-హైడ్రోజన్ బంధం తెగాలంటే మోల్‌కు సుమారు 439 కిలోజౌళ్లు కావాలి, గట్టు ఎత్తుగా ఉండటానికి అదొక ముఖ్య కారణం. నిప్పురవ్వ చేసేది గట్టుకు గండి కొట్టడం. తర్వాత వచ్చే వేడే మిగతా పని చూసుకుంటుంది. జడం అన్న ఒక్క మాటలో ఈ తేడా కనబడదు. నా అభ్యంతరమల్లా అదే.

మీథేన్ మిత్రుడు:
నిప్పు సంగతి పక్కన పెట్టండి, వెలుతురు చాలు. మొన్న ఫ్యూమ్ హుడ్‌లో (విషవాయువులను బయటికి లాగేసే ల్యాబ్ అరలో) మా చేత ఒక ప్రయోగం చేయించారు. రెండు టెస్ట్ ట్యూబుల్లో హెక్సేన్ పోసి, రెండింటిలోనూ కొద్ది చుక్కల బ్రోమిన్ వేశాం. ఒకదానికి నల్ల కాగితం చుట్టి, రెండోదాన్ని బలమైన దీపం ముందు పెట్టాం. దీపం ముందున్న ట్యూబులో నారింజ రంగు మెల్లగా పలచబడి, చివరికి నీళ్లలా తేరుకుంది. మూతి దగ్గర తడి నీలి లిట్మస్ పెడితే ఎర్రబడింది, అంటే హైడ్రోజన్ బ్రోమైడ్ బయటికి వస్తోంది. కాగితం విప్పితే ఆ చీకటి ట్యూబు బ్రోమిన్ వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది! అదే హెక్సేన్, అదే బ్రోమిన్. జడత్వం హెక్సేన్‌ది అయితే రెండు ట్యూబులూ ఒకేలా ఉండాలి కదా?

బంధశక్తి:
సరిగ్గా పట్టుకున్నారు. దీపం హెక్సేన్‌ను ఏమీ చేయలేదు, బ్రోమిన్ అణువును రెండుగా చీల్చింది. ఆ బంధం తెగడానికి మోల్‌కు సుమారు 193 కిలోజౌళ్లు చాలు. అలా పుట్టిన స్వేచ్ఛా ప్రాతిపదికకు (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న బ్రోమిన్ పరమాణువుకు) పిడి అక్కర్లేదు, హైడ్రోజన్‌ను నేరుగా లాక్కుంటుంది. ఇక ఆమ్లాల మాట. రసాయన శాస్త్రవేత్త జార్జ్ ఓలా ప్రయోగశాలలో 1966లో ఒక కొవ్వొత్తి ముక్కను ఫ్లోరోసల్ఫ్యూరిక్ ఆమ్లం, ఆంటిమొనీ పెంటాఫ్లోరైడ్ కలిసిన అతి బలమైన ఆమ్ల మిశ్రమంలో వేస్తే కరిగిపోయింది. ఆ ద్రావణంలో కార్బోకేటయాన్లు, అంటే కార్బన్ మీద ధనావేశం ఉన్న అయాన్లు, కనబడ్డాయి. కొవ్వొత్తి మైనమంటే పారాఫినే, ఆ పేరున్న పదార్థమే! కార్బోకేటయాన్ల మీద చేసిన కృషికి ఓలాకు 1994లో నోబెల్ వచ్చింది.

ల్యాబ్ మాస్టారు:
ఓలా వాడిన ఆమ్లం ఏ విద్యార్థి బల్ల మీద ఉంటుందండీ? పాఠం మొదలుపెట్టేది మామూలు సీసాలతో. అయితే ట్యూబుల ప్రయోగానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. జడం అనే మాట ఉంచుతాను గానీ, ముందు ఇది చేరుస్తాను: 'సాధారణ ఉష్ణోగ్రత వద్ద, మామూలు ఆమ్లాలు, క్షారాలు, ఆక్సీకరణులతో.'

మీథేన్ మిత్రుడు:
'చీకట్లో క్లోరిన్, బ్రోమిన్‌లతో' అని కూడా చేర్చండి మాస్టారూ, నేను నా వాదన వెనక్కి తీసుకుంటాను.