అప్‌డేట్: చాటు నుంచి కొట్టినా శత్రువు ఎలా తేరుకున్నాడో తెలిసింది

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో (పాచికలేసి కథ నడిపే ఆట) నా రోగ్ (చాటుగా దెబ్బకొట్టే పాత్ర) దాక్కుని బాణం వేసినా శత్రువు ముందే ఎలా కొట్టాడని పోయిన వారం అడిగాను కదా. ఆదివారం కడపలో మా మిద్దె మీద మళ్లీ ఆడాం. తప్పు నాదే. స్నీక్ అటాక్ (రోగ్ దెబ్బకి తోడయ్యే అదనపు దెబ్బ), సర్‌ప్రైజ్ (శత్రువు ఏమరుపాటులో ఉండగా పోరు మొదలవడం) ఒకటే అనుకున్నా. అడ్వాంటేజ్ (ఇరవై ముఖాల పాచికలు రెండు వేసి పెద్దది తీసుకోవడం) లేకపోయినా, శత్రువుకి ఐదడుగుల్లో మనవాడుంటే స్నీక్ అటాక్ పడుతుంది. సర్‌ప్రైజ్ వేరు. 2014 రూల్స్‌లో అయితే శత్రువు మొదటి టర్న్ కదల్లేడు; మేం ఆడే 2024 రూల్స్‌లో వాడి ఇనిషియేటివ్‌కి (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) డిస్‌అడ్వాంటేజ్ (రెండు వేసి చిన్నది తీసుకోవడం), అంతే. అప్పటికీ వాడి అంకె పెద్దదైతే వాడే ముందు కొడతాడు. నాకైతే పాతదే నచ్చింది!

ఈసారి మ్యాప్ అచ్చం గండికోటే. బురుజు చాటున నా స్టెల్త్ (దాక్కునేందుకు వేసే పాచిక లెక్క) 17, దాక్కోవడానికి 15 చాలు. కాపలావాడి ఇనిషియేటివ్ పాచికలు 18, 3. చిన్నదే లెక్క కాబట్టి బాణం నాదే ముందు. వేశాక నా చోటు బయటపడి మిగతా ఇద్దరు శత్రువులూ మీదికొచ్చారు, అది వేరే కథ.