మూత్రంలో షుగర్ ఉంది, రక్తంలో లేదు. లైట్ చెయిన్ల (యాంటీబాడీల్లోని చిన్న ప్రోటీన్ గొలుసుల) పనేనా? బయాప్సీలో ఏం అడగాలి?

కిడ్నీ, రక్తవ్యాధుల సంగతి తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. పేషెంటు వయసు 61, డయాబెటిస్ లేదు, గ్లిఫ్లోజిన్ మాత్రలూ (షుగర్‌ను మూత్రంలోకి పంపేవి) వాడట్లేదు. క్రియాటినిన్ 1.1 నుంచి 1.9కి పెరిగింది. డిప్‌స్టిక్‌లో ప్రోటీన్ ట్రేసే, కానీ 24 గంటల మూత్రంలో 1.4 గ్రాములు వచ్చింది. డిప్‌స్టిక్ ముఖ్యంగా ఆల్బుమిన్‌నే పట్టుకుంటుంది, లైట్ చెయిన్లు దాని కంటపడవు. పైగా మూత్రంలో గ్లూకోజ్ పోతోంది, రక్తంలో ఫాస్ఫేట్ 1.9, యూరిక్ యాసిడ్ 2.0. ఫాంకోని (కిడ్నీ గొట్టాలు ఇలాంటివాటిని తిరిగి పీల్చుకోలేని స్థితి) లక్షణాలే ఇవి.

ఇమ్యునోఫిక్సేషన్‌లో (అసాధారణ యాంటీబాడీ రకాన్ని గుర్తించే పరీక్ష) ఐజీజీ కప్పా వచ్చింది, ఎం ప్రోటీన్ (ఆ అసాధారణ యాంటీబాడీ) 0.6 గ్రాములు. ఫ్రీ కప్పా-లాంబ్డా (రెండు రకాల లైట్ చెయిన్ల) నిష్పత్తి 9. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో 3.1 దాకా నార్మల్ అనుకున్నా ఇది ఎక్కువే. ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు (యాంటీబాడీలు తయారుచేసేవి) 6 శాతం. మైలోమా (ప్లాస్మా కణాల క్యాన్సర్) కాదు కాబట్టి ఆగి చూద్దాం అంటున్నారు. అది సరికాదనిపిస్తోంది: కిడ్నీకి హాని చేసేది ప్రోటీన్ మోతాదొక్కటే కాదు, దాని స్వభావం కూడా. కప్పా గొలుసులు ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ (కిడ్నీ వడపోత తర్వాత వచ్చే మొదటి గొట్టం) కణాల్లో జీర్ణం కాక స్ఫటికాలుగా పేరుకుంటే మోతాదు తక్కువైనా నష్టమే.

బయాప్సీకి కాంగో రెడ్ (అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుందేమో చూపే రంగు), ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ ముందే అడగాలా? ఫ్రోజెన్ ఇమ్యునోఫ్లోరసెన్స్ (గడ్డకట్టించిన ముక్కలో ప్రోటీన్లను వెలిగించి చూసే పరీక్ష) నెగటివ్ వస్తే పారాఫిన్ ముక్కపై ప్రొనేజ్‌తో (దాగిన ప్రోటీన్‌ను బయటపెట్టే ఎంజైమ్) మళ్లీ చేయించాలా? స్ఫటికాలు ఖాయమైతే క్లోన్‌కు (ఈ ప్రోటీన్ తయారుచేసే కణాల గుంపుకు) వెంటనే చికిత్స మొదలుపెడతారా, క్రియాటినిన్ ఇంకా పెరిగేదాకా ఆగుతారా?