బ్యాన్ చేసిన మనిషి కొత్త పేర్లతో మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఏం చేయాలి?

లెన్స్‌క్యాప్:

అందరికీ నమస్కారం. పాత ఫిల్మ్ కెమెరాలంటే ఇష్టమున్నవాళ్ళ ఫోరం ఒకదానికి నేను మోడరేటర్‌ని. ముగ్గురం కలిసి చూసుకుంటాం. ముగ్గురికీ వేరే ఉద్యోగాలున్నాయి, ఇది ఇష్టంతో చేసే పని. మీలో చాలామందికి ఫోరంలు నడిపిన అనుభవం ఉంది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

మా దగ్గర ఒకతను ఉండేవాడు. కెమెరాల గురించి నిజంగానే బాగా తెలిసినవాడు. కానీ కొత్తవాళ్ళు ఏదైనా అడిగితే చాలు, "ఇది కూడా తెలియకుండా కెమెరా ఎందుకు పట్టుకున్నావ్" అని మొదలుపెట్టేవాడు. హెచ్చరించాం, కొన్నాళ్ళు సస్పెండ్ చేశాం. ఆ తర్వాత ఒక సభ్యురాలికి ప్రైవేట్ మెసేజీల్లో తిట్లు పంపడం మొదలుపెట్టాడు. ఆవిడ మాకు చూపించిన రోజే శాశ్వతంగా బ్యాన్ చేశాం.

అప్పటి నుంచి పేరు మార్చుకుని వస్తూనే ఉన్నాడు. ఇప్పుడైతే రావడమే అమాయకుడిలా వస్తున్నాడు. ఈమధ్య ఒక కొత్త ఖాతా నుంచి, "లెన్స్ లోపల ఫంగస్ పట్టింది, ఎండలో పెడితే పోతుందా ..." అని ప్రశ్న వచ్చింది. ఆ సభ్యురాలే ఓపిగ్గా జవాబు రాసింది. ఎండ తగిలితే ఫంగస్ పెరగడం ఆగొచ్చు గానీ గాజు మీద అప్పటికే పడ్డ మచ్చ పోదని, లెన్స్ విప్పి శుభ్రం చేయించాల్సిందేనని వివరంగా చెప్పింది. అంతే, కింద పది నిమిషాల్లో పాత పద్ధతిలో వెటకారం మొదలైంది. కామాకి ముందు ఖాళీ వదిలి తర్వాత వదలకపోవడం, వాక్యం చివర ఖాళీ ఇచ్చి మూడు చుక్కలు పెట్టడం, అన్నీ అతనివే. పైగా మేం ఎప్పుడో తొలగించిన ఒక గొడవ గురించి ఎత్తాడు. ఆరోజే చేరిన మనిషికి అది ఎలా తెలుస్తుంది?

ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ని గుర్తించే నంబరు) బ్లాక్ చేస్తే పని జరగట్లేదు. ఇంకో బాధ ఏంటంటే, ఇప్పుడు మా వాళ్ళు కొత్తగా ఎవరొచ్చినా అనుమానంగా చూస్తున్నారు. ఒక పాత సభ్యుడు నిజమైన కొత్త కుర్రాణ్ణి పట్టుకుని "నువ్వు అతనే కదా" అని అందరి ముందూ అడిగేశాడు. ఆ అబ్బాయి మళ్ళీ రాలేదు. రోజూ లాగిన్ అవ్వాలంటేనే టెన్షన్‌గా ఉంది. దయచేసి దారి చెప్పండి.

నెట్‌వర్క్_నాని:

ఐపీ సంగతి వరకు నేను చెప్తాను. ఐపీవీ4, అంటే పాత రకం ఐపీ అడ్రస్‌లు ప్రపంచం మొత్తానికి దాదాపు 430 కోట్లే ఉన్నాయి. అవి చాలక, మొబైల్ కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక ఎంతోమందిని పెడతాయి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి తీస్తే చాలు, అతనికి వేరే అడ్రస్ రావచ్చు. వదిలేసిన ఆ పాత అడ్రస్ మీ మంచి సభ్యుల్లో ఒకరికి రావచ్చు. ఇక వీపీఎన్ (అసలు అడ్రస్‌ని దాచే సర్వీసు) ఉంటే చెప్పనక్కర్లేదు. కోపంలో మొత్తం రేంజ్‌ని, అంటే వరుసగా ఉన్న అడ్రస్‌ల గుంపునంతా బ్లాక్ చేయడమంటే ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

అయినా బ్లాక్ చేయాల్సి వస్తే కొద్ది సమయానికే చేయండి. వికీపీడియాలో బ్లాక్ అయిన ఖాతా వాడిన ఐపీ మీద దానంతటదే పడే ఆటోబ్లాక్ కూడా మామూలుగా 24 గంటలే ఉంటుంది. అలాగే మీ సాఫ్ట్‌వేర్‌లో వీలుంటే ఆ రేంజ్ నుంచి కొత్త ఖాతాలు తెరవడం ఒక్కటే ఆపండి, పాతవాళ్ళ లాగిన్ ఆపకండి. కొత్త రకం అడ్రస్‌లైన ఐపీవీ6 అయితే ఒక్క అడ్రస్‌ని ఆపి లాభం లేదు, ఫోన్ తనంతట తనే అడ్రస్ మార్చుకుంటూ ఉంటుంది. /64 మొత్తాన్ని, అంటే మొదటి సగం ఒకేలా ఉండే అడ్రస్‌లన్నిటినీ కలిపి లెక్కలోకి తీసుకోవాలి.

ఈమెయిల్ దగ్గర ఒక చిన్న లోపం చాలామంది గమనించరు. జీమెయిల్‌లో పేరు మధ్య ఎన్ని చుక్కలు పెట్టినా, పేరు చివర ప్లస్ గుర్తు పెట్టి ఏం చేర్చినా అన్నీ ఒకే ఇన్‌బాక్స్‌కి వెళ్తాయి. మీ ఫోరం మాత్రం వాటిని వేర్వేరు అడ్రస్‌లు అనుకుంటుంది. ఒకే మెయిల్‌తో ఎన్ని ఖాతాలైనా తెరుస్తాడు. ముందు ఆ దారి మూయండి. పది నిమిషాల్లో మాయమయ్యే తాత్కాలిక మెయిల్ సర్వీసుల డొమైన్లను కూడా ఆపండి.

పాతకాపు:

లెన్స్‌క్యాప్ గారూ, మీరు రాసింది చదువుతుంటే మనసు కలుక్కుమంది. ఇలాంటి వాళ్ళని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను, ఇప్పటికీ ఒక ఫోరంలో మోడరేటర్‌గా పనిచేస్తున్నాను. నాని గారు చెప్పినవన్నీ చేయండి, అవసరమే. కానీ అతను రాకుండా ఆపడం మీ లక్ష్యం కాకూడదు, అది మీ చేతుల్లో లేదు. వచ్చినా అతనికి ఏమీ దక్కకుండా చేయడం మీ చేతుల్లో ఉంది.

ఇది నిన్నామొన్నా పుట్టిన సమస్య కాదు. 1993లో లాంబ్డామూ అని, అక్షరాలతోనే నడిచే ఒక ఆన్‌లైన్ లోకంలో మిస్టర్ బంగిల్ అనే పేరుతో ఒకడు తోటి సభ్యుల పాత్రలను చాలా అసభ్యంగా హింసించాడు. సభ్యులు కూడి చర్చించారు, చివరికి ఒక అడ్మిన్ ఆ ఖాతాని తీసేశాడు. కొన్నాళ్ళకే అతను డాక్టర్ జెస్ట్ అనే పేరుతో తిరిగొచ్చాడు. ఇన్నేళ్ళలో సాఫ్ట్‌వేర్లు ఎన్నో మారాయి గానీ ఈ కథ మారలేదు.

అతను ఎందుకొస్తున్నాడో చూడండి. ఫంగస్ గురించి తెలుసుకోవడానికి కాదు కదా. ఆవిడ జవాబు కోసం, దాని కింద రేగే గొడవ కోసం, మీ "ఇంకో దొంగ ఖాతా దొరికింది, తీసేశాం" అన్న ప్రకటన కోసం వస్తున్నాడు. ఆ ప్రకటనే అతనికి పండగ. కాబట్టి ప్రకటనలు మానేయండి. తీసేయండి, ఖాతా మూసేయండి, ఊరుకోండి. వికీపీడియా నిర్వాహకులు పాటించేది కూడా ఇదే: రాసింది వెనక్కి తిప్పడం, బ్లాక్ చేయడం, పట్టించుకోకపోవడం. వీడ్కోలు మాట ఉండకూడదు, "మేం నిన్ను గుర్తుపట్టాం" అని మెసేజ్ ఉండకూడదు. ముఖ్యంగా ఎలా గుర్తుపట్టారో ఎవరికీ చెప్పకండి. మీరు పైన రాసిన ఆ కామా సంగతి, చుక్కల సంగతి అతను చదివితే రేపటి నుంచి మానేస్తాడు. వీలైతే ఆ రెండు ముక్కలూ మీ ప్రశ్నలోంచి తీసేయించండి.

ఇక కొత్తవాళ్ళ మీద అనుమానం. నా దృష్టిలో మీ ఫోరానికి అతని కంటే పెద్ద ప్రమాదం ఇదే, ఆ కుర్రాడు వెళ్ళిపోయాడంటే నష్టం అప్పుడే జరిగింది. "ఇతను అతనేనా" అన్న ప్రశ్నని మోడరేటర్ల గదిలోనే ఉంచండి. బయట మీరు చూడాల్సింది ఒక్కటే: ఈ ఖాతా ఏం చేస్తోంది? ఎవరినైనా అవమానిస్తే, ఎవరైనా సరే, అందుకే తీసేయండి. అప్పుడు అతనా కాదా అని నిరూపించే పని ఉండదు. మర్యాదగా ఉన్నవాళ్ళని రాతలో పోలికలు కనిపించాయని మాత్రం తీసేయకండి. మూడు చుక్కలు పెట్టే అలవాటు లోకంలో చాలామందికి ఉంది.

కొత్త ఖాతాల మొదటి పోస్టులు మోడరేటర్ చూశాకే కనబడేలా పెట్టండి. పీహెచ్‌పీబీబీ అనే ఫోరం సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరినవాళ్ళకి విడిగా ఒక గ్రూపే ఉంటుంది, దానికి ఈ షరతు పెట్టొచ్చు. డిస్కోర్స్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ అయితే సభ్యులకి నమ్మకం స్థాయిలు ఉంటాయి, 0 నుంచి 4 వరకు. మామూలు సెట్టింగుల్లో 0 నుంచి 1కి వెళ్ళాలంటే కనీసం 5 చర్చలు తెరవాలి, 30 పోస్టులు చదవాలి, మొత్తం 10 నిమిషాలు గడపాలి. నిజంగా నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఇది అడ్డే కాదు, ఎలాగూ చదువుతాడు. గొడవకి వచ్చినవాడికి మాత్రం ప్రతి కొత్త పేరుకీ మళ్ళీ మొదటి నుంచి ఈ తతంగమంతా. మెటాఫిల్టర్ అనే సైటు 2004 నుంచి కొత్త సభ్యుల దగ్గర 5 డాలర్లు తీసుకోవడం మొదలుపెట్టింది. డబ్బు చిన్నదే, కానీ ఖాతా పోయిన ప్రతిసారీ మళ్ళీ కట్టాలంటే ఎవరికైనా విసుగొస్తుంది. మీరు డబ్బు పెట్టక్కర్లేదు, ఓపిక ఖర్చయ్యేలా చూడండి చాలు.

ఒక తలుపు మాత్రం తెరిచి ఉంచండి. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక ఆనవాయితీ ఉంది: బ్లాకైన మనిషి 6 నెలలు దొంగ ఖాతాలు తెరవకుండా ఉండి, బ్లాక్‌కి కారణమైన పని మళ్ళీ చేయనని మాటిస్తే, తిరిగి రావడానికి అడగొచ్చు. అడిగినంత మాత్రాన రానివ్వాలని కాదు, ఆలోచిస్తారు. దొంగదారిలో వచ్చిన ప్రతిసారీ ఆ 6 నెలలూ మళ్ళీ మొదలవుతాయి. అయితే మీ ఆ సభ్యురాలి విషయం వేరు. ఆవిడకి ఇష్టం లేకపోతే ఆ తలుపు కూడా వద్దు.

మూడో_కన్ను:

ఇంత కష్టం దేనికండీ? షాడో బ్యాన్ పెట్టేయండి. అతని పోస్టులు అతనికి తప్ప ఎవరికీ కనబడవు. రాసుకుని రాసుకుని అతనే అలిసిపోతాడు.

పాతకాపు:

మూడో_కన్ను గారూ, కొత్తవాడైతే కొన్నాళ్ళు పనిచేస్తుంది. ఇతను ఆరితేరినవాడు. లాగౌట్ చేసి ఇంకో బ్రౌజర్‌లో చూసుకుంటే నిమిషంలో తెలిసిపోతుంది. అతని సంగతి పక్కన పెడదాం. పొరపాటున అమాయకుడి మీద పడితే? అతను ప్రశ్న అడుగుతాడు, ఒక్కరూ పలకరు, ఇక్కడ మనుషులు ఇంతే అనుకుని వెళ్ళిపోతాడు. తనకి ఏం జరిగిందో తెలియదు, కాబట్టి అప్పీల్ కూడా చేసుకోలేడు. మామూలు బ్యాన్‌లో కనీసం "ఎందుకు తీసేశారు" అని అడిగే వీలుంది. మనుషుల్ని అలా గోడతో మాట్లాడించడం నాకు నచ్చదు.

లెన్స్‌క్యాప్:

అందరికీ చాలా థాంక్స్. కామా, చుక్కల ముక్కలు తీసేయమని ఇక్కడి అడ్మిన్‌కి రిక్వెస్ట్ పెట్టాను. ఒక సందేహం. అతని పోస్టు తీసేస్తే దాని కింద ఆవిడ రాసిన జవాబు కూడా పోతోంది. ఆ ఫంగస్ జవాబు రాయడానికి ఆవిడకి గంట పట్టి ఉంటుంది, ఫొటోలు కూడా పెట్టింది. అది పోతే శిక్ష పడింది ఆవిడకే అన్నట్టుంది.

పాతకాపు:

పోనివ్వకండి. ఆ జవాబుని విడదీసి, ఆవిడ పేరుతోనే "లెన్స్‌లో ఫంగస్ పడితే ఏం చేయాలి" అని కొత్త చర్చగా పెట్టండి. అతని ప్రశ్న, వెటకారం, దాని మీద మిగతావాళ్ళు చేసుకున్న వాదనలు తీసేయండి. ముందు ఆవిడని అడిగి చేయండి. ఎర వేయడానికి వచ్చినవాడి వల్ల మీకు ఒక మంచి వ్యాసం మిగులుతుంది, అతని ఆనవాలు మిగలదు.

వెన్నెలదారి:

నేను మోడరేటర్‌ని కాదు. మీ సభ్యురాలి స్థానంలో ఒకప్పుడు, ఇంకో ఫోరంలో, నేను ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

అందరూ అతన్ని ఎలా పట్టాలా అని మాట్లాడుకునేవాళ్ళు, నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. "పట్టించుకోకు" అనేవాళ్ళు. మెసేజ్ వచ్చేది నా ఇన్‌బాక్స్‌కి, ఎలా పట్టించుకోకుండా ఉంటాను? ఒక మోడరేటర్ మాత్రం తనే ముందుగా రాసింది: "అతను మళ్ళీ వచ్చాడు, తీసేశాం, నీకేమైనా పంపాడా?" అని. ఆ రెండు ముక్కలు నాకు ఎంత ధైర్యమిచ్చాయో చెప్పలేను. బయట మౌనంగా ఉండాలన్న పాతకాపు గారి మాట నిజమే. కానీ ఆ మౌనం ఆవిడ దగ్గర కూడా పాటించకండి.

కొత్త ఖాతాలకి ప్రైవేట్ మెసేజీలు ఆపేయండి, ఈరోజే. తీసేసే ముందు ప్రతిదానికీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, తేదీ, సమయం, లింకు, ఖాతా పేరు కనబడేలా. ఆవిడని కూడా తన మెసేజీలు డిలీట్ చేయొద్దని చెప్పండి. చూడలేకపోతే మీకు పంపేసి కళ్ళ ముందు నుంచి తీసేసుకోమనండి. బెదిరింపు గానీ, ఫోన్ నంబరో ఇంటి అడ్రసో బయటపెట్టడం గానీ జరిగితే అది ఇక ఫోరం గొడవ కాదు, పోలీసుల దగ్గరకి వెళ్ళాల్సిన విషయం. అప్పుడు ఈ స్క్రీన్‌షాట్లూ, మీ సర్వర్ లాగులూ (ఎవరు ఎప్పుడు ఏ అడ్రస్ నుంచి వచ్చారో నమోదయ్యే రికార్డులు) లేకపోతే ఆవిడ చేతిలో ఏమీ ఉండదు. వెళ్ళాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టానికే వదలండి, తోడుంటామని మాత్రం చెప్పండి.

లెన్స్‌క్యాప్:

వెన్నెలదారి గారూ, ఆవిడకి ఇప్పుడే రాశాను. కొత్త ఖాతాలకి మెసేజీలు ఆపేశాం, మొదటి పోస్టులు మేం చూశాకే కనబడేలా పెట్టాం. వెళ్ళిపోయిన ఆ కుర్రాడికి కూడా మెయిల్ పెట్టాను, అలా అడగడం మా వైపు నుంచి జరగకూడనిదని, రమ్మని.

చివరిగా ఒకటి. అప్పీల్ అంటూ అతను మెయిల్ రాస్తే మా ముగ్గురిలో ఎవరు జవాబివ్వాలి? నా పేరు చూస్తేనే అతనికి ఒళ్ళు మండుతుంది.

పాతకాపు:

అతనితో ఎప్పుడూ తగువు పడనివాళ్ళెవరో వాళ్ళు రాయాలి. ముగ్గురూ చదివి ఒప్పుకున్నాకే పంపండి, కింద ఎవరి పేరూ వద్దు, "మోడరేటర్లు" అని చాలు. నాలుగు వాక్యాలు దాటనివ్వకండి. దానికి అతను ఎంత పొడుగు జవాబు రాసినా, ఆ 6 నెలల గడువు పూర్తయ్యేదాకా రెండో మెయిల్ పంపకండి.