'తోచింది' వేరు, 'అనిపించింది' వేరు: మీ వైపు ఎలా వాడతారు?

మొన్న గ్రూపులో ఒకరు ఇంట్యూషన్‌కి తెలుగు మాట అడిగితే అంతర్దృష్టి, స్ఫురణ, అంతర్బుద్ధి అని చాలా జవాబులు వచ్చాయి. అన్నీ మంచి మాటలే. కానీ కోనసీమలో మా ఇంట్లో వాటిని ఎవరూ నోటితో అనగా వినలేదు. 'ఎందుకో వద్దని తోచింది' అంటారు, లేదా 'వద్దనిపించింది' అంటారు. ఈ రెండూ ఒకటి కావని నా నమ్మకం. పెద్ద నిర్ణయాల దగ్గర ఆ తేడా పనికొస్తుందనీ నమ్ముతున్నాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

తోచు అంటే మొదట కనబడడం. తమిళంలో తోన్ఱు, కన్నడంలో తోరు దీని చుట్టాలే. కంటికి కనబడేది మెల్లగా బుద్ధికి కనబడేదయింది. ఏదీ కనబడకపోతే 'ఏమీ తోచడం లేదు' అంటాం. తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్లింది కూడా అందుకే. అనిపించు దారి వేరు. అది 'అను'కి ప్రేరణార్థకం, 'వాడిచేత ఔననిపించాను'లో ఉన్నదే. కాబట్టి 'నాకు అలా అనిపించింది' అన్నప్పుడు ఏదో నాచేత ఆ మాట అనిపించిందన్నమాట. ఆ అనిపించింది ఎవరు? భయమా, ఆశా, పక్క చేను వాళ్లా? ఈ ప్రశ్న ఆ క్రియలోనే ఉంది, మనమే వేసుకోం.

మా పెదనాన్న కురిడీ కాయలు చూసేవారు. ముదురు కాయలు అటక మీద నెలల తరబడి ఉంటే లోపలి నీళ్లు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి గుండులా విడివడుతుంది. ఆయన కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపేవారు. కొన్ని పక్కన పెట్టేవారు, కొన్ని మళ్లీ అటకెక్కేవి. నాకు రెండూ ఒకేలా గలగలలాడేవి. ఒకసారి ఆయన వద్దన్న కాయను పంతానికి పగలగొట్టాను. కొబ్బరి ఒకవైపు చిప్పకి అంటుకునే ఉంది, చెమ్మ కూడా ఆరలేదు. 'ఎలా తెలిసింది పెదనాన్నా?' అంటే 'తోస్తుంది లేరా' అన్నారు. అంతకుమించి చెప్పడం ఆయనకీ రాదు. కానీ ఆ 'తోస్తుంది' వెనక వేల కాయలున్నాయి. ఊపిన ప్రతి కాయనీ తర్వాత పగలగొట్టి చూశారు, తప్పయితే అక్కడికక్కడే తెలిసిపోయింది.

ఇప్పుడు నా సంగతి. అయిదేళ్ల కిందట రెండెకరాల వరిచేను రొయ్యల చెరువు చేశాను. మొదటి పట్టుబడి బాగా వచ్చింది. దాంతో చెరువు నాకు తెలిసిపోయిందనిపించింది. రెండో పంటకి సీడు (రొయ్య పిల్లలు) ఎక్కువ వేశాను. ఒకరోజు పొద్దున్నే చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పైకి లాగితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది. ట్రే మూలన రెండు రొయ్యలు కదలకుండా పడున్నాయి. చేతిలోకి తీసుకుంటే తల పెంకు మీద తెల్లటి చుక్కలు, తెల్లమచ్చ తెగులు. కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆ పంట పోయింది, దానికి చేసిన అప్పు మొన్నటి సంక్రాంతికి తీరింది. ఒక్క పంటతో నాకు తోచేదేముంటుంది? డబ్బు నాచేత అనిపించింది.

తర్వాత తెలిసింది, మనసుకు తోచినదాన్ని ఎప్పుడు నమ్మవచ్చన్నదాని మీద ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2009లో కలిసి ఒక వ్యాసం రాశారని. ఒకరు డేనియల్ కానెమన్, 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన, మనుషుల అంచనాల్లో దొర్లే తప్పుల మీద పనిచేశారు. రెండో ఆయన గ్యారీ క్లైన్, మంటలార్పే దళాల నాయకులు క్షణాల్లో సరైన నిర్ణయం ఎలా తీసుకుంటారో గమనించారు. ఒకరిది అనుమానం, ఇంకొకరిది నమ్మకం. చివరికి ఇద్దరూ ఒప్పుకున్న షరతులు రెండు. మనం చూసే గుర్తులకీ జరగబోయేదానికీ నిలకడైన సంబంధం ఉండాలి. మన అంచనా తప్పో ఒప్పో పదేపదే తెలుసుకునే వీలుండాలి. ఈ రెండూ లేనిచోట మనసు ఎంత గట్టిగా చెప్పినా ఆ గట్టిదనం దేనికీ సాక్ష్యం కాదు. కురిడీ కాయకి రెండూ ఉన్నాయి. నా చెరువుకి గుర్తులున్నాయేమో గానీ, వాటిని నేర్చుకునేన్ని పంటలు నేను చూడలేదు.

మీ వైపు ఈ రెండు మాటలూ ఎలా వాడతారో చెప్పండి.

పాలకొల్లు నుంచి ఒకరి జవాబు:
తేడా బాగుంది గానీ ఒప్పుకోలేనండి. మా అమ్మ కోపమొస్తే 'నీకు తోచినట్టు చేసుకో' అనేది. అంటే ఆలోచన లేకుండా చేస్తున్నావనే కదా తిట్టు? తోచడంలో అనుభవం ఉంటుందని ఎలా అంటారు?

గోదావరి లంకలో (నది మధ్య దీవిలో) కాపురమున్న ఒక సభ్యురాలి జవాబు:
మాకు గోదారితో పని. 2022 జూలైలో నీళ్లు పెరుగుతుంటే మా మామగారు 'ఇంతదాకా రాదు, నాకు తెలుసు' అని ఇల్లు కదలనన్నారు. ఆయన మనసులో ఉన్నది 1986 ఆగస్టు వరద. జూలైలో అంత నీరు ఆయన ఎన్నడూ చూడలేదు. ఆయనకి నావ, రేవు, ఇసుక మేటలు అన్నీ తోస్తాయి, రోజూ చూసినవి కనుక. అంత పెద్ద వరద మనిషి జీవితంలో ఒకటి రెండుసార్లే వస్తుంది, ఎక్కడ నేర్చుకుంటారు? ఇప్పుడు మా ఇంట్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం లెక్కే లెక్క. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, అప్పుడు సామాను పైకెక్కిస్తాం. 13.75కి రెండోది, గొడ్లని తోలేస్తాం. మూడోది 17.75కి, అప్పటిదాకా ఎవరం ఉండం. మామగారు కూడా ఇప్పుడు వాదించరు.

నా జవాబు:
పాలకొల్లు వారికి: మీ అమ్మగారి వాడుక మా ఇంట్లోనూ ఉంది, నేను దాన్ని మరిచిపోయాను. కాబట్టి నేను చెప్పింది మాటల్లో స్థిరంగా ఉన్న తేడా కాదు, నేను కావాలని పెట్టుకుంటున్న తేడా అనుకోండి. అయినా అది నాకు అక్కరకొస్తోంది.

లంక చెల్లెమ్మా, నువ్వు చెప్పింది నా పోస్టు కంటే మేలు. నేను రెండేళ్లుగా ఒక పని చేస్తున్నాను. ఏదైనా గట్టిగా అనిపిస్తే గోడ కాలెండర్ మీద ఆ తేదీ గడిలో నాలుగు మాటలు రాస్తాను: ఏమనిపించింది, ఎందుకు, ఏం జరుగుతుందనుకుంటున్నాను. జరిగాక పక్కనే రాస్తాను. రాయకపోతే మనసు తర్వాత 'నాకు ముందే తెలుసు' అని కథ మార్చేస్తుంది. ఇప్పటిదాకా చూస్తే, కొబ్బరికాయలు దింపే కూలీల విషయంలో, ఎవరికి అప్పిస్తే తిరిగొస్తుందన్న విషయంలో నాకు తోచింది చాలావరకు నిలిచింది. ధరల విషయంలో దాదాపు ఎప్పుడూ నిలవలేదు. అందుకని కొబ్బరి ఎప్పుడు అమ్మాలన్నది ఇప్పుడు మా అమ్మాయి లెక్క వేసి చెబుతుంది.

ఇంకొక్కటి. ఎండిన కాయ ఊపితే వచ్చే ఆ శబ్దాన్ని పెదనాన్న 'కాయ పలికింది' అనేవారు. మీ ఊళ్లలో ఏమంటారు?