మైక్రోగ్లియా తగ్గింది గర్భం వల్లా, ఒత్తిడి వల్లా?

ప్రశ్న:
గర్భం 10వ రోజు నుంచి 20వ రోజు దాకా ఎలుకలను రోజూ ట్యూబులో కదలకుండా ఉంచి ఒత్తిడి పెట్టాం. ఈనిన మర్నాడు హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన భాగం) ఐబా-1 అనే ప్రోటీన్‌ను చూపించే స్టెయిన్ (రంగు) చేస్తే మైక్రోగ్లియా, అంటే మెదడులోని రోగనిరోధక కణాలు, బాగా తక్కువ కనిపిస్తున్నాయి. పోల్చింది గర్భం లేని ఆడ ఎలుకలతో. దీన్ని ఒత్తిడి ప్రభావమని రాయొచ్చా? స్టెయినే సరిగ్గా పట్టలేదేమో అన్న అనుమానం కూడా ఉంది.

జవాబు 1:
రాయకండి. ఏ ఒత్తిడీ లేని ఎలుకల్లోనూ గర్భం చివరి రోజులకు మైక్రోగ్లియా తగ్గుతాయి. ఒహాయో స్టేట్ పరిశోధకులు 2017లో ఇదే చూపించారు: హిప్పోక్యాంపస్, అమిగ్డలా, ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో తగ్గి, పిల్లలు పాలు మానే నాటికి, అంటే 21వ రోజుకు, మళ్లీ మామూలవుతాయి. మీ పోలికలో గర్భమూ ఒత్తిడీ కలిసిపోయాయి. నాలుగు గుంపులు కావాలి: గర్భం ఉన్నవి, లేనివి, రెండింటిలోనూ ఒత్తిడి పెట్టినవి, పెట్టనివి. ట్యూబులో ఉన్నంతసేపు వాటికి మేత అందదు కదా, ఒత్తిడి పెట్టని వాటికీ ఆ గంటల్లో మేత, నీళ్లు తీసేయాలి. లేకపోతే ఆకలి ప్రభావం ఒత్తిడి ఖాతాలో పడుతుంది. గర్భం లేని వాటి ఈస్ట్రస్ దశ (హార్మోన్ల చక్రంలో ఎక్కడున్నాయో) యోని స్మియర్‌తో చూసి రాసుకోండి.

జవాబు 2:
స్టెయిన్ సంగతి. అన్ని గుంపుల సెక్షన్లూ (మెదడు పలుచని ముక్కలు) ఒకే బ్యాచ్‌లో, డీఏబీలో (గోధుమరంగు తేల్చే రసాయనం) ఒకే సమయం ఉండాలి. గర్భంతో రక్తం పరిమాణం పెరుగుతుంది, కాబట్టి పర్ఫ్యూజన్‌లో (రక్తనాళాల్లోకి ద్రవం పోసి రక్తాన్ని కడిగేయడం) సెలైన్ కొలత చూసి ఆపకండి, బయటికొచ్చే ద్రవం తేటపడేదాకా పోయండి. మిగిలిన ఎర్రకణాలకు పెరాక్సిడేజ్ గుణం ఉంది, డీఏబీలో అవీ గోధుమరంగు తేలతాయి. ఆ గుణాన్ని ముందే అణచడానికి 0.3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ తప్పనిసరి. మెదడు పాడవకుండా గట్టిపరిచే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో ఒక రాత్రి చాలు, రోజుల తరబడి వదిలేస్తే యాంటీబాడీ పట్టే చోటు మూసుకుపోతుంది. అనుమానం తీరాలంటే పక్క సెక్షన్‌లో పీయూ.1 (మైక్రోగ్లియా న్యూక్లియస్‌లో ఉండే ప్రోటీన్) స్టెయిన్ చేసి న్యూక్లియస్‌లు లెక్కపెట్టండి. అవీ తగ్గితే కణాలే తగ్గాయి, తగ్గకపోతే ఐబా-1 మాత్రమే పలచబడింది. మైక్రోగ్లియాను గుర్తించే మరో ప్రోటీన్ పీ2ఆర్‌వై12 ఒక్కదాన్నే నమ్మొద్దు, మైక్రోగ్లియా ప్రేరేపితమైనప్పుడు అదే తగ్గిపోతుంది.

జవాబు 3:
లెక్క ఎలా పెట్టారన్నదీ చెప్పాలి. ఒక చదరపు మిల్లీమీటరుకు ఎన్ని అని చూస్తే, ఆ భాగం పరిమాణం మారినా అంకె మారుతుంది. స్టీరియాలజీతో (సెక్షన్ల నమూనాల నుంచి మొత్తం భాగంలోని కణాలను అంచనా వేసే పద్ధతి) మొత్తం సంఖ్య తీయండి. 40 మైక్రాన్ల సెక్షన్ ఆరాక బాగా కుంచించుకుపోతుంది, మందం స్లైడు మీదే కొలవాలి.

ఇంకొకటి: సంఖ్య తగ్గింది కాబట్టి రోగనిరోధక సంకేతాలూ తగ్గాయని అనుకోవద్దు. జవాబు 1లో చెప్పిన 2017 పరిశోధనలోనే ఈనిన తర్వాత హిప్పోక్యాంపస్‌లో ఐఎల్-6, ఐఎల్-10 అనే సైటోకైన్లు (రోగనిరోధక సంకేత ప్రోటీన్లు) పెరిగాయి. సైటోకైన్లు చూడాలనుకుంటే కణాలను 37 డిగ్రీల ఎంజైముతో విడదీయకండి, ఆ వేడిలోనే మైక్రోగ్లియా రేగి జీన్ల పనితీరు మారిపోతుంది. ఐసు మీద డౌన్స్ హోమోజినైజర్‌తో (చేత్తో నలిపే గాజు పరికరం) చేయండి.