ప్రిన్సెస్ అమేలియా ప్రీవీ కౌన్సిల్‌కు (రాజు సలహామండలికి) పెళ్లి నోటీసు ఇచ్చిందా? తెలిసినవాళ్లు చెప్పండి

బ్రిటన్ రాజు మూడో జార్జ్ కూతుళ్ల పెళ్లిళ్ల గురించి ఒక సందేహం. 1772 నాటి రాయల్ మ్యారేజెస్ చట్టం ప్రకారం రాజకుటుంబంలో రాజు అనుమతి లేని పెళ్లి చెల్లేది కాదు. కానీ అందులోనే ఒక దారి ఉండేది: 25 ఏళ్లు దాటాక ప్రీవీ కౌన్సిల్‌కు నోటీసు ఇచ్చి 12 నెలలు ఆగాలి. ఆలోగా పార్లమెంటు రెండు సభలూ కాదనకపోతే పెళ్లి చేసుకోవచ్చు. ఒక్క సభ కాదంటే సరిపోదు.

ఆరుగురు కూతుళ్లలో ఆఖరిదైన అమేలియాకు 1808 ఆగస్టులోనే 25 నిండాయి. రాజు కొలువులో ఈక్వెరీగా (రాజు వెంట ఉండే అధికారిగా) ఉన్న చార్లెస్ ఫిట్జ్‌రాయ్‌ని ఎంతగా కోరుకుందంటే, ఉత్తరాల్లో అతని ఇంటిపేరు కలిపి ‘ఏ.ఎఫ్.ఆర్.’ అని సంతకం పెట్టేది. పాపం, చట్టప్రకారం పెళ్లి కాకుండానే 1810 నవంబరు 2న చనిపోయింది.

నోటీసు ఇచ్చి ఉంటే కౌన్సిల్ రిజిస్టర్లలో నమోదు కావాలి. 1808–10 రిజిస్టర్లు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో చూసినవాళ్లు ఉన్నారా? ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదు? తండ్రి ఆరోగ్యం దెబ్బతింటుందన్న భయం ఒక్కటే కారణమంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. పెళ్లికాని కూతుళ్ల ఖర్చంతా తల్లిదండ్రుల చేతిలోనే ఉండేది, కట్నం పార్లమెంటు మంజూరు చేయాల్సి ఉండేది. అసలు అడ్డు డబ్బేనా? ఏదైనా ఉత్తరం ఆధారంగా చెబితే దాని తేదీ కూడా రాయండి.