పాత జి.ఐ. జో బొమ్మలకు మళ్లీ రంగు వేయాలా, ఉన్నవి ఉన్నట్టే దాచాలా?

అటకమీదిపెట్టె:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ. మొన్న ఇల్లు మారుతుంటే అటక మీద ఇనప ట్రంకులో నా చిన్నప్పటి జి.ఐ. జో బొమ్మలు (కాళ్లూ చేతులూ కదిలే చిన్న సైనికుల బొమ్మలు) బయటపడ్డాయి, మొత్తం 14, అన్నీ ఫన్‌స్కూల్ అనే మన దేశపు బొమ్మల కంపెనీవే, 1990ల్లో పుట్టినరోజుకొకటి, పరీక్షలు పాసైతే ఒకటి అని నాన్న కొనిచ్చినవి. చేతిలోకి తీసుకోగానే రెండు బొమ్మలు నడుం దగ్గర ఊడిపోయి కాళ్లు కింద పడ్డాయి. కొన్నిటికి రంగు లేచిపోయింది, తెల్ల బట్టల నింజా పసుపెక్కాడు, ఒకదాని తల ముట్టుకుంటే జిగురు. అన్నిటికీ కొత్తగా రంగు వేసేద్దామా అనుకుంటున్నాను. ముందు ఏం చేయాలో చెప్పండి.

రబ్బరురింగు:
రంగు సంగతి తర్వాత అండీ, ముందు నడుం. ఈ బొమ్మల లోపల చిన్న నల్ల ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) ఒకటి ఉంటుంది, పైభాగాన్నీ కాళ్లనీ కలిపి పట్టుకునేది అదే, ఏళ్లు గడిచేసరికి ఎండిపోయి తెగిపోతుంది. మిగతా 12 కూడా తెగడానికి సిద్ధంగా ఉన్నట్టే, కాబట్టి వాటిని ఆడించకండి. వీపు మీద ఉన్న స్క్రూను సరిపోయే చిన్న స్టార్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పండి, తెగిన రింగు ముక్క పట్టుకుని మోటారు సామాన్లు, ఆయిల్ సీళ్లు అమ్మే షాపుకి వెళ్తే అదే సైజు ఇస్తారు. రబ్బరు బ్యాండు మాత్రం వద్దు, కొన్ని నెలల్లో కరిగి లోపల అంటుకుపోతుంది. ఇంకో మాట, చేతిలో తుపాకీ బలవంతంగా పెట్టకండి, బొటనవేలు విరిగితే మళ్లీ నిలబడేలా అతికించడం చాలా కష్టం.

సాగరతీరం:
నీళ్లలో నానబెట్టి కడగొద్దు బ్రో. మోచేతుల్లో, మోకాళ్లలో లోహపు రివెట్లు ఉంటాయి. మాది విశాఖ, ఉప్పుగాలికి తోడు రాత్రంతా సబ్బునీళ్లలో ఉంచి మూడు బొమ్మల రివెట్లు తుప్పు పట్టించుకున్నాను, ఆ మరక చుట్టూ ప్లాస్టిక్‌లోకి దిగిపోయింది. గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి బ్రష్, వెంటనే తుడిచి ఫ్యాను కింద ఆరబెట్టడం, అంతే. ఆ తల జిగురు కూడా దీంతోనే చాలావరకు పోతుంది. మెత్తటి ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం పైకి ఊరడం వల్ల వచ్చేది అది, గాలి ఆడకుండా మూసిపెడితే ఎక్కువవుతుంది.

న్యూజెర్సీబాబాయ్:
దయచేసి అన్నిటికీ రంగు వేయకండి! అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ అమ్మిన బొమ్మలకీ మన ఫన్‌స్కూల్ బొమ్మలకీ చాలాచోట్ల రంగులు తేడా, ఆ తేడా కోసమే ఇక్కడి కలెక్టర్లు వాటిని వెతుక్కుంటారు. మన దేశంలో తయారైన ఆ రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. కొంచెం అరిగినా సరే, అసలు రంగే ఉండనివ్వండి.

సన్నకుంచె:
బాబాయ్ గారితో ఏకీభవిస్తాను, అయితే వేలు విరిగి, ముఖం చెరిగిపోయిన బొమ్మ ఒకటో రెండో ఉంటే వాటి మీద నేర్చుకోవచ్చు. నెయిల్ పాలిష్ రిమూవర్ దగ్గరికి రానివ్వకండి, అందులో అసిటోన్ ఉంటే ప్లాస్టిక్ కరిగిపోతుంది. పల్చగా ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి వేసే అడుగు పూత), దాని మీద నీళ్లు కలిపిన అక్రిలిక్ రంగు రెండు మూడు పూతలు, ప్రతి పూతా పూర్తిగా ఆరాకే తర్వాతది. కీళ్లు రాసుకునే చోట ముందే సన్నటి ఎమరీ కాగితంతో కొంచెం అరగదీయాలి, లేకపోతే మొదటిసారి చెయ్యి ఎత్తగానే రంగు లేచొస్తుంది. మెత్తటి తలల మీద ఎనామిల్ రంగు వద్దు. నా హీ-మాన్ బొమ్మ తలకి వేసి ఏడాది దాటింది, ఇప్పటికీ వేలికి అంటుతోంది. మ్యాట్ వార్నిష్ స్ప్రే ముసురు పట్టిన రోజు కొట్టకండి, గాలిలో తేమకి తెల్లటి పొర కట్టేస్తుంది.

అటకమీదిపెట్టె:
అందరికీ చాలా థ్యాంక్స్. నింజా పసుపు పోగొట్టడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ రాసి ఎండలో పెట్టమని ఎక్కడో చదివాను, చేయొచ్చా? ట్రంకులో కలరా ఉండలు కూడా ఉన్నాయి, పర్వాలేదా?

సన్నకుంచె:
పెరాక్సైడ్ పసుపును తగ్గిస్తుంది కానీ పైనున్న రంగులనూ వెలిసేలా చేయొచ్చు, పైగా కొన్నేళ్లకు పసుపు మళ్లీ రావచ్చు. రంగు లేని విడిభాగాలకైతే సరే, చేతికి గ్లవ్స్ వేసుకుని చేయండి. మీ నింజాను మాత్రం అలాగే ఉంచండి.

రబ్బరురింగు:
కలరా ఉండలు ఈరోజే తీసేయండి! ఆ ఆవిరికి కొన్ని రకాల ప్లాస్టిక్‌లు మెత్తబడి మరకలు పడతాయి. అటక కూడా వద్దు, మన వేసవిలో పైకప్పు కింద ట్రంకు పొయ్యిలా కాగుతుంది. ఎండ తగలని బీరువా అరలో, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి, తేమ పీల్చుకునే సిలికా జెల్ పొట్లాలు రెండు వేయండి. మెత్తటి పీవీసీ కవర్లలో చుట్టకండి.

అటకమీదిపెట్టె:
కలరా ఉండలు తీసేశాను. గవర్నర్‌పేటలో రింగులు దొరికాయి, ఒక్కోటి నాలుగు రూపాయలు, 20 తెచ్చాను. నిన్న రాత్రి నాన్న కళ్లజోడు పెట్టుకుని పక్కన కూర్చుని స్క్రూలు పోకుండా పట్టుకున్నారు, ఆరు బొమ్మలు నిలబడ్డాయి. బొటనవేలు విరిగిన ఒక్కదానికే రంగు వేస్తాను, మిగతావాటిని ముట్టుకోను. ఒక బొమ్మ స్క్రూ మాత్రం తుప్పు పట్టి కదలడం లేదు, గాడి అరిగిపోతుందని భయంగా ఉంది, ఎవరైనా తీసి ఉంటే ఎలా తీశారో చెప్పండి.